అడగకుండా వచ్చిన పాట

నా బుర్రకు యజమానిని నేనేనా? ఇంత పెద్ద ప్రశ్న నాకు ఏ ఉపనిషత్తులోనో ఎదురుకాలేదు. కాళ్ళాగజ్జా పాట తెచ్చి ముందు పెట్టింది. బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడో, ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడో అది లోపల మొదలవుతుంది. నేను పిలవలేదు. పొమ్మంటే పోదు. ఇక చాలు అనుకునేసరికి మళ్ళీ మొదటికొస్తుంది.

ఆట తెలియని వాళ్ళుండరు. పిల్లలు వరసగా కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటారు. ఒకరు పాట పాడుతూ ఒక్కో కాలూ తట్టుకుంటూ పోతారు. పాట ఎవరి కాలి మీద ఆగితే వాళ్ళు ఆ కాలు ముడవాలి. పాటలో వచ్చే వస్తువులకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. ఒకదాని పేరు చెప్పడం, వెంటనే అది కాదనడం, ఇంకోటి తేవడం. విడిచిన మాటనే అందుకుని తర్వాతి పాదం మొదలవుతుంది. కావ్యాల్లో అయితే దీన్ని ముక్తపదగ్రస్తమని మెచ్చుకుంటాం. అక్షరాల పొత్తు సరేసరి. అందుకే ఎక్కడో ఒక మాట తగిలితే చాలు, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు మిగతాదంతా వచ్చేస్తుంది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. 1876లో మార్క్ ట్వేన్ దీని మీదే ఓ హాస్యకథ రాశాడు. టిక్కెట్లకు చిల్లులు పెట్టే కండక్టరు మీద అల్లిన గేయమొకటి కథకుడికి పట్టుకుని, తిండీ పనీ సాగనివ్వదు. దాన్ని ఓ పాస్టర్ మిత్రుడికి అంటించాక గానీ అతనికి విముక్తి దొరకదు. ఆ తర్వాత పాస్టర్ పాట్లు మొదలవుతాయి.

మన దగ్గర కొందరు పెద్దమనుషులు కాళ్ళాగజ్జాకు ఒక గౌరవం కల్పించారు. అది ఉత్త పిల్లల పాట కాదట, గజ్జికి మన పూర్వీకులు దాచిపెట్టిన వైద్యమట. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇంత ఆరాటం దేనికి? అర్థం లేనిదొకటి ఇన్ని తరాలు బతికిందంటే ఒప్పుకోవడానికి మనకు నామోషీ. నోరు తిరిగింది, చెవికి ఇంపుగా ఉంది, పక్కన పాడటానికి ఇంకో పిల్ల ఉంది. బతకడానికి దానికి అంతకు మించి ఏం కావాలి?

నన్ను కలవరపెట్టేది ఇక్కడే. ఆ పాట ఏ దారిన లోపలికొచ్చిందో అదే దారిన ఇంకా ఏమేం వచ్చాయి? ఎవరింట్లో మంచినీళ్ళు తాగకూడదో, ఏ వారం క్షవరం చేయించుకోకూడదో, ఆడపిల్ల ఎంతవరకు నవ్వొచ్చో నాకెవరూ వాదించి ఒప్పించలేదు. ఎందుకని అడిగే వయసు రాకముందే, పదేపదే చెవిన పడి, స్థిరపడిపోయాయి. వాటిలో చాలా వాటికి సామెతల లయ కూడా ఉంది. 2000లో మెక్‌గ్లోన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, తన సహ పరిశోధకురాలితో కలిసి ఓ ప్రయోగ ఫలితాన్ని ప్రచురించాడు. ఒకే భావాన్ని ప్రాసతో చెబితే, ప్రాస లేకుండా చెప్పినదాని కంటే ఎక్కువ నిజమని జనం అనుకున్నారు. అంటే చెవి ఒప్పుకున్నదాన్ని బుద్ధి ఒప్పుకున్నట్టుగా రాసేసుకుంటున్నాం. ఆ లెక్కన కాళ్ళాగజ్జా నిజాయితీ గల పాట. తనకు అర్థం ఉందని అది ఏనాడూ బుకాయించలేదు.

పోనీ, అడగకుండా వచ్చినవన్నీ గెంటేద్దామా? అప్పుడు నాకు మిగిలేదేమిటి? ఈ ప్రశ్న వేస్తున్న తెలుగు కూడా నేను ఎంచుకున్నది కాదు. అమ్మ పిలుపు గుర్తుపట్టడం, దెబ్బ తగిలిన పిల్లాడి దగ్గరికి కాళ్ళు వాటంతటవే పరిగెత్తడం కూడా ఆ దారిన వచ్చినవే. ఎక్కడి నుంచి వచ్చిందని చూసి తీసెయ్యలేం. ఎవరికి నొప్పి కలిగిస్తోందని చూడాలి. ఆటలో ముడిచిన కాలు ఆటయ్యాక చాపుకోవచ్చు. కొన్ని మాటలు మాత్రం కొందరి కాళ్ళు జన్మంతా ముడిపించాయి. ఆ రెంటికీ తేడా కనిపెట్టడానికి శాస్త్రాలు తిరగెయ్యక్కర్లేదు, ఎదుటి మనిషి మొహం చూస్తే చాలు.

నాలోకి ఏది రావాలో నేను నిర్ణయించుకోలేదు. ఆ వయసు దాటిపోయింది. నా నోటి నుంచి తర్వాతి పిల్లల చెవుల్లోకి ఏది వెళ్ళాలన్నది మాత్రం కొంతవరకు నా చేతిలో ఉంది. కొంతవరకే, ఎందుకంటే నేర్పుతున్నామని తెలిసి నేర్పేవాటి కంటే తెలియకుండా నేర్పేవే ఎక్కువ. ఆ పాస్టర్‌కు కనీసం తనకు ఏం పట్టుకుందో తెలుసు. మనల్ని పట్టుకున్నవాటిలో ఎన్నింటిని మనం పాటలని గుర్తుపడుతున్నాం, ఎన్నింటిని మన సొంత అభిప్రాయాలని మురిసిపోతున్నాం?