లాభం లేని సలహా

పదో తరగతి ఫలితాలు వచ్చిన ఇంట్లో, పిల్ల నోరు విప్పేలోగా మాట్లాడేవాళ్ళు పదిమంది తయారవుతారు. బ్యాంకులో పనిచేసే బాబాయిగారు కామర్సు అంటారు. కొడుకు అమెరికాలో ఉన్న పక్కింటి పిన్నిగారు ఎం.పి.సి. తప్ప మరో మాట ఎత్తరు. డాక్టరు కావాలనుకుని కాలేకపోయిన మేనమామకి, మేనకోడలి మెడలో స్టెతస్కోపు అప్పుడే కనిపిస్తూ ఉంటుంది. అందరికీ పిల్లంటే ప్రేమే. కానీ కాస్త చెవి ఒగ్గి వినండి, ఎవరు చెప్పేది అయినా వాళ్ళ కథే. నెగ్గినవాళ్ళు తాము నెగ్గిన దారిలో రమ్మంటారు. ఓడినవాళ్ళు తాము ఓడిన చోట గెలిచి చూపించమంటారు.

ఇక ఫోను చేసేవాళ్ళ సంగతి వేరే. "మేడమ్, మీ అమ్మాయికి ఉచితంగా కెరీర్ కౌన్సెలింగ్ ఇస్తామండీ" అంటూ ఏదో కాలేజీ నుంచి తియ్యటి గొంతు. ఉచితమే, కాదనను. కాకపోతే పిల్ల ఎన్ని జవాబులు చెప్పినా చివరికి తేలేది ఆ కాలేజీయే! చేపలమ్మేవాడి దగ్గరికి వెళ్ళి ఇవాళ ఏం కూర వండనూ అని అడిగితే, వంకాయ అంటాడా?

అందుకే నాకో సందేహం. ఒక మనిషి జీవితమంతా చేయబోయే పని గురించి, ఆ మనిషి ఏం చేసినా తనకి ఒరిగేదీ తరిగేదీ లేనివాళ్ళు ఒక్కరైనా మాట్లాడాలా, అక్కర్లేదా?

ఈ ప్రశ్న నూరేళ్ళ కిందటే పుట్టింది. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, ఏ పనిలో చేరాలో తెలియని కుర్రాళ్ళ కోసం ఒక కార్యాలయం తెరిచాడు. ఆయన చెప్పిన సూత్రాలు మూడే. నిన్ను నువ్వు తెలుసుకో. లోకంలో ఉన్న పనుల సంగతి తెలుసుకో. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించు. మన ఇళ్ళలో మొదటిది ఎవరూ అడగరు, రెండోది ఎవరికీ పూర్తిగా తెలియదు, మూడోది నాన్నగారు చేసేస్తారు!

మన దేశంలో ఈ బాధ్యత ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల మీద పడింది. 1945లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి పని చూపించడానికి వాటిని పెట్టారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. 1956లో నిర్వహణ రాష్ట్రాల చేతికిచ్చారు. 1959లో ఒక చట్టం చేసి, ఖాళీలు ఈ కార్యాలయాలకి తెలియజేయాలన్నారు. అక్కణ్ణుంచే మనుషుల్ని తీసుకోవాలని మాత్రం అనలేదు.

ఆ కార్డు గుర్తుందా మీకు? డిగ్రీ కాగానే వెళ్ళి, ఎండలో వరసలో నిలబడి తెచ్చుకున్న కార్డు. మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చాలామంది మగపిల్లలు చేయించుకున్నారు. మనకేమో ఆ మూడేళ్ళలోపే పెళ్ళయింది, ఊరు మారింది, కార్డు బీరువాలో పట్టుచీరల కిందకి చేరింది. అలా ఎన్ని కార్డులు పెళ్ళిపీటల దగ్గర ఆగిపోయాయో ఏ రిజిస్టరూ చెప్పదు.

తర్వాత 1996లో, మన కృష్ణాజిల్లా ఎక్సైజు శాఖ కేసులోనే, సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టుకోకూడదు, పత్రికల్లో కూడా ప్రకటించి అర్హులందర్నీ పరిశీలించాలని. న్యాయమైన మాట. దాంతో ఆ కార్డు విలువ తగ్గింది. జనం ఆ గుమ్మం తొక్కడం తగ్గించారు. అయితే ఆ గుమ్మం లోపల ఇంకో పని కూడా జరుగుతుందని చాలామందికి తెలియనే తెలియదు. ఏం చదవాలో, ఏ పనికి ఏ చదువు కావాలో చెప్పే పని.

నాకూ తెలిసేది కాదు, కొన్నేళ్ళ కిందట మా ఆడపడుచు కూతురితో కలిసి అలాంటి కార్యాలయానికి వెళ్ళకపోతే. అన్నయ్యగారు కూడా వచ్చారు. లోపల కూర్చున్న అధికారిణి పిల్లనే చూసి, "నీకేం ఇష్టమమ్మా?" అంది.

"బై.పి.సి.లో చేర్పిద్దామనుకుంటున్నామండీ" అన్నారు అన్నయ్యగారు.

"మీరు కాస్త ఆగండి సార్, అమ్మాయిని అడుగుతున్నా" అందావిడ, ఏమీ విసుక్కోకుండానే.

పిల్ల చాలాసేపు గోళ్ళు చూసుకుని, "ఇంట్లో ఫ్యాన్లూ మిక్సీలూ విప్పి చూడ్డం ఇష్టమండీ" అంది. ఆ మాట మేమెవరం అంతవరకూ వినలేదు. ఎవరైనా అడిగితే కదా వినేది!

ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. ఐ.టి.ఐ. ట్రేడుల్లో కొన్ని ఏడాదివీ కొన్ని రెండేళ్ళవీ ఉంటాయనీ, పాలిటెక్నిక్ డిప్లొమా అయితే మూడేళ్ళనీ, ఆ తర్వాత ప్రవేశపరీక్ష రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరవచ్చనీ చెప్పింది. బై.పి.సి. చదివితే ఏమేం దారులున్నాయో కూడా అంతే నిదానంగా చెప్పింది. ఇంటికెళ్ళి ఆలోచించుకోమంది. అంతే. మా పిల్ల ఏది చదివినా ఆవిడకి రూపాయి రాదు, పోదు. చివరికి ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరింది. చేరకపోయినా నేనీ మాట రాసేదాన్నే.

మీరు వెంటనే అనొచ్చు, "ఆ రూపాయి రాకపోవడం వల్లేగా కొన్ని ఆఫీసుల్లో తలెత్తి చూడనిది!" అని. నిజమే. ఏ లాభమూ లేని మనసు నిష్పక్షపాతంగానూ ఉండొచ్చు, నిర్లక్ష్యంగానూ ఉండొచ్చు. రెండూ ఒకే కుర్చీలో కూర్చుంటాయి. అయితే నిర్లక్ష్యానికి మందు ఆ కుర్చీ తీసెయ్యడం కాదు, అందులో తగిన మనిషిని కూర్చోబెట్టడం. ధర్మాసుపత్రిలో మందులు లేవని, ఇక ధర్మాసుపత్రే వద్దంటామా?

అసలు ఉద్యోగాలే లేనప్పుడు దారి చూపించి ఏం లాభం అన్నది ఇంకో ప్రశ్న. ఇది బరువైన ప్రశ్నే. సలహా ఉద్యోగాన్ని పుట్టించలేదు. కానీ ఏ దారిలో జనం కిక్కిరిసి ఉన్నారో, ఏ చదువుకి ఎంత ఖర్చవుతుందో ముందే చెప్పగలదు. ఒక మధ్యతరగతి ఇంట్లో అప్పు చేసి ఫీజు కట్టే ముందు అది చిన్న సంగతి కాదు.

2015లో కేంద్రప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీస్ పేరుతో ఇదంతా ఇంటర్నెట్‌లోకి తెచ్చింది. 2020లో చేసిన సామాజిక భద్రత చట్టం ఎక్స్ఛేంజి అన్న పేరు పక్కన పెట్టి కెరీర్ సెంటర్ అంది. మంచిదే, పేరు మారినా పని జరిగితే చాలు. ఫోనులో వెతికితే కోర్సులన్నీ వరసకడతాయి. కానీ చాలా ఇళ్ళలో ఆ ఫోను అన్నయ్య చేతిలో ఉంటుంది. పైగా అది మనం అడిగినదానికి జవాబు చెబుతుంది. "మీరు కాస్త ఆగండి సార్" అని నాన్నని ఆపగలదా?

ఇంట్లో మనం ప్రేమ ఎక్కువై అడగలేని ప్రశ్న, కాలేజీవాళ్ళు లాభం చూసుకుని అడగని ప్రశ్న, అడగడానికి ఊరికొక మనిషి కావాలి. జీతమంటారా, మనం కడుతున్న పన్నుల్లోంచి ఇద్దాం. ఇన్ని సలహాలు ఊరికే దొరికే దేశంలో, ఒక్క సలహాకి డబ్బు పెట్టలేమా?