చెవులతో చేసే పూజ

పోయిన వీడియోలో శ్రవణ భక్తి గురించి మాట్లాడుతూ కచేరీల సంగతి మధ్యలోనే ఆపేశాను. టైమ్ సరిపోలేదు. అది ఇక్కడ పూర్తి చేస్తాను.

నాకు కచేరీల పిచ్చి ఉందని మన ఛానల్ రెగ్యులర్‌గా చూసేవాళ్లకి తెలుసు. చెన్నైలో మార్గళి సీజన్, తిరుమలలో శ్రీవారి ఆలయం ఎదుట జరిగే నాదనీరాజనం, హైదరాబాద్‌లో గ్రౌండ్ నిండిపోయే సినిమా పాటల కాన్సర్ట్... ఏదీ వదలను. అందుకేనేమో, మీ వయసు వాళ్లు కలిసినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు. కాన్సర్ట్‌లో రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. గుళ్లో నిలబడితే మాత్రం ఏమీ అనిపించదు. మరి నాకు భక్తి ఉన్నట్టా, లేనట్టా?

ఇది నవ్వేసి వదిలేసే ప్రశ్న కాదు. అడిగేవాడి లోపల ఎంతో కొంత భయం ఉంటుంది. నేను దేవుడికి దూరమైపోయానా అని.

భాగవతం ఏడో స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, గురువుల దగ్గర నేర్చుకున్నవాటిలో మంచిదేదో చెప్పమంటాడు. ప్రహ్లాదుడు తొమ్మిది రకాల భక్తి గురించి చెప్తాడు. అందులో మొదటిది పూజ కాదు, ధ్యానం కాదు, వినడం. అతనే ముందు ఎందుకు చెప్పాడంటే, అతనికి దొరికింది కూడా అలాగే. తల్లి కయాధు కడుపులో ఉండగా నారదుడు చెప్పింది విన్నాడు. కళ్లు తెరవకముందే చెవులు తెరుచుకున్నాయి అతనికి. పరీక్షిత్తు సంగతి చూడండి. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకి పోతానని తెలిసి, గంగ ఒడ్డున కూర్చుని శుకుడు చెప్పింది విన్నాడు. ఆ ఏడు రోజుల్లో ఆయన చేసిన సాధన మొత్తం అదే. శాపం మారలేదు, పాము రాకుండా ఆగలేదు. భయం ఒక్కటి పోయింది.

అంచేత కాన్సర్ట్‌లో వచ్చే ఆ పులకింతని నేను అబద్ధం అనను. వేలమంది ఒక్క గొంతుతో పాడుతుంటే, డ్రమ్ దెబ్బ ఛాతీలో తగులుతుంటే, శరీరం ఊరుకోదు. ‘నేను’ అనేది కాసేపు పక్కకి జరుగుతుంది. అది మంచిదే. కాకపోతే దాన్నే భక్తి అని పేరు పెట్టేసి ఇంటికి వెళ్లిపోతే మాత్రం నేను ఒప్పుకోను. పాట ఆగిన అరగంటకి పార్కింగ్‌లో హారన్ కొట్టుకుంటూ ఎదుటివాడిని తిట్టే గొంతు కూడా మనదే కదా. త్యాగరాజస్వామి అంత సంగీతం తెలిసినవారై ఉండి, భక్తి కలవకపోతే ఆ విద్య ఒక్కటే మనిషిని ఒడ్డుకి చేర్చదని ధన్యాసి రాగంలో ఒక కృతే చేశారు. ఆ మాట సంగీతం రానివాడు అంటే వేరు. ఆయన అన్నారు.

శాస్త్రీయ కచేరీలకి వెళ్లేవాళ్లం మేము గొప్పవాళ్లమని కూడా అనుకోవద్దు. మార్గళి సీజన్‌లో సభలకి వెళ్తే ఒక తమాషా కనిపిస్తుంది. ప్రధాన కృతి అయ్యాక మృదంగం వాళ్ల తని ఆవర్తనం మొదలవుతుందో లేదో, సగం హాలు లేచి కాంటీన్ వైపు కాఫీకి నడుస్తుంది. ఆ వాయించేవాయన ముఖం చూశారా ఎప్పుడైనా? భజన్ జామింగ్ అంటూ గిటార్ పట్టుకుని హాల్లో గెంతే పిల్లల్ని చూసి ముక్కు విరిచే పెద్దలకి నేను ఇదే గుర్తు చేస్తుంటాను. ఆ పిల్లలు చివరిదాకా ఉంటున్నారు. చైతన్య మహాప్రభు వీధుల్లో మృదంగాలు, తాళాలతో ఎగురుతూ నామం పాడించినప్పుడు కూడా ముక్కు విరిచినవాళ్లు ఉన్నారు మరి.

మా పిన్ని కొడుకు ఒకడున్నాడు, గచ్చిబౌలిలో ఉద్యోగం. బాబాయ్ పోయాక వాడు గుడికి వెళ్లడం మానేశాడు. కోపం కాదు, ఏమీ అనిపించట్లేదు అన్నయ్యా అన్నాడు. ఒక సినిమా కాన్సర్ట్‌లో బాబాయ్‌కి ఇష్టమైన పాత పాట రాగానే కూలబడి ఏడ్చాడట. “దేవుడి ముందు రాని ఏడుపు అక్కడ వచ్చింది, నేనేమైపోతున్నాను?” అని అడిగాడు. వాడికి లెక్చర్ ఇవ్వాలనిపించలేదు. జనవరిలో సెలవు పెట్టించి తిరువయ్యారు తీసుకెళ్లాను.

త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందిన ఊరది, కావేరి ఒడ్డున. ఏటా ఆ తిథికి ఆరాధన. పంచమి పొద్దున సమాధి మందిరం ముందు విద్వాంసులందరూ నేల మీదే వరసలుగా కూర్చుని పంచరత్న కృతులు ఐదూ కలిసి పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం, ఈ వరసలోనే. టికెట్ లేదు, వేదిక మీద ఒక్కరే స్టార్ అనేది లేదు. పేరున్న గాయకుడి పక్కనే సంగీతం నేర్చుకుంటున్న పిల్ల కూర్చుంటుంది.

ఆ మందిరం ఎవరు కట్టించారో తెలుసా? బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషీమణి. పట్టించుకునేవాళ్లు లేక పాడుపడిన సమాధికి 1920లలో తన సొంత సంపాదన పెట్టి గుడి కట్టించారు. తీరా ఆరాధనలో స్త్రీలు పాడకూడదన్నారు. ఆవిడ గొడవ పెట్టుకుని వెళ్లిపోలేదు, మానేసి ఇంట్లోనూ కూర్చోలేదు. తోటి స్త్రీలని తీసుకొచ్చి మందిరం వెనక వైపు పాడించారు, ఏటా. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటయ్యాయి, స్త్రీలూ పురుషులూ కలిసి పాడటం అప్పుడు వచ్చింది. 1952లో ఆవిడ పోయారు. ఆవిడ సమాధి కూడా అక్కడే, స్వామి వైపే చూస్తూ విగ్రహం ఉంటుంది. ఇందాక నేను అన్న పార్కింగ్ లెక్కలో ఆవిడని పెట్టి చూడండి. పాట విన్న తర్వాత ఒక మనిషి ఏం చేసిందో, నాకు ఆ విగ్రహం దగ్గర బాగా అర్థమవుతుంది.

వరాళి గురించి ఒక మాట చెప్పాలి. ఆ రాగాన్ని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే వాళ్లిద్దరికీ పడదని సంగీత లోకంలో ఒక నమ్మకం ఉంది. అందుకని చాలామంది దాన్ని విని, విని పట్టుకుంటారు. నమ్మకం నిజమా కాదా అని నన్ను అడగకండి. నేర్పకుండా వినడంతోనే అంత పెద్ద కృతి ఇన్ని తరాలు దాటి వచ్చిందంటే, శ్రవణానికి ఎంత బలముందో చూడండి.

మా తమ్ముడు అక్కడ ఏడవలేదు. ఏదో జరుగుతుందని నేనూ ఎదురుచూడలేదు. వాడి పక్కన ఒక తమిళ పెద్దావిడ తమిళ లిపిలో రాసుకున్న పుస్తకం పెట్టుకుని తప్పు పోకుండా పాడుతోంది. సాహిత్యమంతా కంఠస్థం, అర్థం మాత్రం చాలా చోట్ల తెలియదట. వీడికి ఆ లిపి రాదు, కానీ వింటే అర్థమవుతుంది. మధ్యలో ఆవిడ ఒక పదం మీద వేలు పెట్టి, సైగ చేసి అడిగింది. వీడు వచ్చీరాని తమిళం, ఇంగ్లీషు కలిపి చెప్పాడు. ఆ తర్వాత ఆవిడ వదల్లేదు, ఆరభి మొదలయ్యేలోపు నాలుగైదు పదాలు అడిగింది. మన భాషలో ఉన్న పాట మనం ఒకరికి విప్పి చెప్పాల్సి వస్తే అప్పుడు మనం నిజంగా వింటాం. వాడు ముందుకి వంగి కూర్చోవడం చూశాను.

చుట్టూ చాలామంది ఫోన్లు పైకెత్తి రికార్డ్ చేస్తున్నారు. వీడు కూడా ఫోన్ తీశాడు. రికార్డింగ్‌కి కాదు, పిన్నికి కాల్ చేసి పుస్తకం పక్కన పెట్టాడు. మహానుభావులందరికీ దండం పెట్టే ఆ ఐదో కృతి అయ్యేదాకా పిన్ని అటు నుంచి ఒక్క మాట మాట్లాడలేదట, కాల్ కట్ చేయలేదట.

ఇప్పుడు వాడు గుడికి వెళ్తున్నాడా అంటే, వెళ్తున్నాడు, తక్కువే. ఎక్కువగా పిన్ని దగ్గరికి వెళ్తున్నాడు. శనివారాలు ఇద్దరూ కూర్చుని ఒక్కో కృతి అర్థం రాసుకుంటున్నారు. గౌళ దగ్గర ఉన్నారు ప్రస్తుతం.

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే: పంచమి సాధారణంగా జనవరిలో పడుతుంది, ఆ ఏడాది పంచాంగం చూసుకోండి. తంజావూరు దాకా రైలు, అక్కడి నుంచి తిరువయ్యారు సుమారు 13 కిలోమీటర్లు, బస్సులుంటాయి. బస తంజావూరులో ముందే బుక్ చేసుకోండి. పొద్దున్నే చేరితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. నేల మీద కూర్చోవాలి కాబట్టి ఒక పలచటి తుండు తీసుకెళ్లండి, సాహిత్యం తెలుగులో ప్రింట్ తీసుకుని రెండు కాపీలు పెట్టుకోండి. పక్కవాళ్లు అడుగుతారు.