సైలెన్సర్ కంటే ముందు బ్రేకు

అల్లుడా, సెకండ్ హ్యాండ్‌ల క్లాసిక్ 350 తీసుకున్నవని మీ అమ్మ చెప్తే మస్తు సంబరమైంది. సొంత జీతంతోని కొన్న మొదటి బండి. దాన్ని నీకు నచ్చినట్టు తయారు చేసుకోవాలనుకునుడు తప్పుగాదు. కొత్త రంగు, వెడల్పు టైరు, ఎత్తు హ్యాండిలు, పటపట మోగే ఇండోరి సైలెన్సర్. వానలు వెనకబట్టినంక దోస్తులతోని రామప్ప, లక్నవరం పోయేలోపల ఇవన్నీ చేయించాలని లిస్టు రాసుకున్నవట. ఆ లిస్టుల కొన్నిటి వరుస మార్చుకో, ఒక్కటి మాత్రం కొట్టెయ్.

మొదలు కాగితాలు. కొన్న 14 రోజులలోపల ఇన్సూరెన్స్ నీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలె. నెలలోపల 29, 30 ఫారాలతోని ఆర్సీ మార్పిడికి పెట్టుకోవాలె. పాతాయన ఫైనాన్స్‌ల కొని ఉంటే 35వ ఫారం ఇచ్చిండో లేదో చూడు. యాక్సిడెంట్ అయితే రికార్డుల ఎవరి పేరుంటే నష్టపరిహారం వాళ్ల మెడకే పడుతదని సుప్రీంకోర్టు 2018ల తేల్చి చెప్పింది. నిన్ను నమ్మి బండి అమ్మిన మనిషి నీ బద్ధకం వల్ల కోర్టు చుట్టు తిరగొద్దు.

ఇగ బండి సంగతి. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు ఎట్ల పొంగిందో, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర ఎట్ల కొట్టుకపోయిందో నీకు యాదికుండే ఉంటది. అసొంటి వరదల మునిగిన బండిని కడిగి, పాలిష్ కొట్టి అమ్మితే పైకి తెల్వదు. హెడ్‌లైట్ విప్పి లోపల ఒండ్రు ఉన్నదా, వైరింగ్ కప్లర్లకు పచ్చ చిలుము పట్టిందా మెకానిక్‌కు చూపించు. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్క ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే.

గట్టిగ చెప్పాల్సింది ఇంకోటున్నది. నువ్వు తిరిగేది మానుకోట రోడ్ల మీద. దీపావళి దాటిందంటే మన దిక్కు సగం రోడ్డు వడ్లే ఉంటయి. పగలు ఆరబోస్తరు, పొద్దుగూకంగనే కుప్పచేసి నల్ల టార్పాలిన్ కప్పి, అంచులకు బండరాళ్లు పెడ్తరు. చీకట్ల ఆ నల్ల కవరు మీదికొచ్చేదాక కండ్లవడదు. రైతును తిట్టకు, కల్లం లేకనే ఆయన రోడ్డెక్కిండు. వెనక లైటు లేని ట్రాక్టర్లు గూడ అదే దారిల పోతుంటయి, మిర్చి సీజన్ వస్తే యార్డుకు పోయే బస్తాల బండ్లు సరే సరి. నీ బండి 190 కిలోల పైమాట. దాన్ని ఆపేది బ్రేకు, టైరు, చీకట్ల దారి చూపేది లైటు. అందుకే మొదటి పైసలు బ్రేకు ప్యాడ్లకు, బ్రేక్ ఆయిల్‌కు, టైర్లకు పెట్టు. టైరు పక్కన నాలుగంకెలుంటయి. 3218 అంటే 2018ల 32వ వారం తయారైందని. గీతలు లోతుగ కనబడ్డా పాతదైతే రబ్బరు గట్టిపడి జారుతది. హ్యాండిలు తిరిగే కోన్ సెట్ చెక్ చేయించు. చైన్ మారిస్తే స్ప్రాకెట్లు గూడ కలిపి మార్చు. ఎదురొచ్చేటోళ్ల కండ్లు బైర్లు కమ్మే తెల్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టకు. మంచి బల్బు వేసి లైటు ఎత్తు సరిచేయించు, చాలు.

ఇగ నీ లిస్టుకొస్తే, వెడల్పు టైరు చైన్ కవర్‌కు రాసుకుంటది, మలుపుల బండి మొండికేస్తది. ఎత్తు హ్యాండిలుకు పాత కేబుళ్లే ఉంచితే, తిప్పినప్పుడు ఎక్సలేటర్ దానంతట అదే గుంజుకుంటది. షోకు కోసం చీర గార్డు పీకెయ్యకు. మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనుక కూర్చునేటోళ్లకు పట్టుకునే హ్యాండిలు, ఫుట్‌రెస్టులు, చక్రానికి గార్డు తప్పనిసరి అంటది. రూల్ సంగతి పక్కకు పెట్టు, వెనుక కూర్చునేది నా చెల్లె. ఆమె కొంగు చక్రంల పడొద్దు.

కొట్టెయ్యమన్నది సైలెన్సర్‌నే. కంపెనీ ఇచ్చిన తీరును ఇష్టమొచ్చినట్టు మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తది. 2019 సవరణతోని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేకుంటే ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండూ అని రాసిపెట్టిన్రు. పోలీసులు అసొంటి సైలెన్సర్లను పీకి రోడ్డు రోలర్ కింద వేసుడు పేపర్లల్ల చూస్తనే ఉన్నం. అంతకంటే ముందు మన వాడల ముసలోళ్లున్నరు, పసిపిల్లలున్నరు. అర్ధరాత్రి ఆ పటపటకు ఉలిక్కిపడేది వాళ్లు.

రంగు, సీటు నీ ఇష్టం. రంగు ఆర్సీల గూడ రాసి ఉంటది, మార్చే ముందు ఆర్టీఏ ఆఫీసుల అడుగు. మిగిలిన పైసల్ల నుంచి ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొను, ఒకటి వెనుక కూర్చునేటోళ్లకు.

ఆదివారం బండిని షెడ్డుకు తీస్కరా, నేను గూడ వస్త. సైలెన్సర్‌కు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మాత్రం రేపే పోయి వాపసు తీసుకో.