ధైర్యం వేరు, తెగింపు వేరు



దేవుడిచ్చిన ప్రాణాన్ని ఒక ఆట కోసం పణంగా పెట్టవచ్చునా? దేశం కోసం, కన్నబిడ్డ కోసం, విశ్వాసం కోసం ప్రాణాలకు తెగించినవారిని మనం గౌరవిస్తాం. మరి ఎవరికీ ఏ మేలూ చేయని పని కోసం, కేవలం తన ఆనందం కోసం, మృత్యువు అంచుదాకా వెళ్ళి వచ్చే మనిషిని ఏమనాలి? వీరుడనాలా, వెర్రివాడనాలా? మనకు బాగా తెలిసిన ఉదాహరణ తీసుకుంటే మన ఇష్టాయిష్టాలు అడ్డువస్తాయి. అందుకని ఈ వారం మనకు బొత్తిగా పరిచయం లేని ఒక చోటికి వెళ్ళి, అక్కడ ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలో, ఫ్రెంచి పాలినీషియాలో, తాహితి అనే దీవి ఉంది. ఆ దీవి నైరుతి తీరాన, రోడ్డు ఆగిపోయే చోట, తెయాహుపో అనే చిన్న పల్లె ఉంది. ఒడ్డు దగ్గర నీరు ప్రశాంతంగానే ఉంటుంది. సుమారు అర కిలోమీటరు అవతల పగడపు దిబ్బ గోడలాగా అడ్డు నిలిచి దీవిని కాపాడుతూ ఉంటుంది. ఆ దిబ్బమీద విరిగే కెరటమే లోకప్రసిద్ధమైనది. పలకమీద నిలబడి కెరటం మీద జారుతూ పోయే ఆటను సర్ఫింగ్ అంటారు. ఆ ఆటలో ఆరితేరినవారు సైతం భయపడే కెరటాల్లో ఇది మొదటి వరుసలోనిది.

ఎందుకింత ప్రమాదం? మన కోస్తా తీరాన చాలాచోట్ల సముద్రపు అడుగు క్రమంగా మెరక అవుతుంది. కెరటం దూరం నుంచే అడుగును రాసుకుంటూ, బలం కోల్పోతూ, నురగై ఒడ్డు చేరుతుంది. తెయాహుపోలో దిబ్బ వెలుపల సముద్రం ఒక్కసారిగా లోతుగా దిగిపోతుంది. దక్షిణ ధ్రువం వైపు సముద్రాల్లో తుఫానులు లేపిన కెరటం వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి, బలం తగ్గకుండానే దిబ్బను ఢీకొంటుంది. ముందున్న నీటిని లాగేసుకుని, గుండ్రటి సొరంగంలా చుట్టుకుని విరుగుతుంది. కింద వాడియైన పగడపు రాయి. దానిపై కొన్నిచోట్ల మీటరు నీరైనా ఉండదు. ఆటగాడు ఆ సొరంగంలోకి దూరి, అది మూసుకుపోయేలోగా బయటపడాలి. అంతా కొన్ని క్షణాల్లో జరిగిపోతుంది. పడితే టన్నుల కొద్దీ నీరు మనిషిని ఆ రాతికేసి కొడుతుంది.

2000వ సంవత్సరంలో ఇక్కడ రెండు సంఘటనలు జరిగాయి. ఒక తాహితి యువకుణ్ణి కెరటం దిబ్బమీద పడవేసింది. ఆ గాయాలతో అతడు మరణించాడు. అదే ఏడాది ఆగస్టు 17న అమెరికాకు చెందిన లెయిర్డ్ హామిల్టన్ అంతకుముందు ఎవరూ ఇక్కడ ఎక్కని కెరటాన్ని ఎక్కి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ ఛాయాచిత్రం లోకమంతా తిరిగింది. ఒకే కెరటం, ఒకే దిబ్బ. ఒకరికి సమాధి, మరొకరికి కీర్తి. 2024 జూలై, ఆగస్టు నెలల్లో పారిస్ ఒలింపిక్స్‌కు సంబంధించిన సర్ఫింగ్ పోటీలను కూడా, పారిస్‌కు 15,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ పల్లెలోనే జరిపారు. తాహితిలోనే పుట్టిన కౌలీ వాస్త్ పురుషుల్లో బంగారు పతకం గెలిచాడు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. పాతకాలపు వేదాంత పాఠశాలల్లో ఒక మంచి అలవాటు ఉండేది. జవాబు చెప్పేముందు ఇరుపక్షాల వాదనలనూ న్యాయంగా వినిపించేవారు. మనమూ అలాగే చేద్దాం.

ఇది తప్పు అనేవారి వాదన బలమైనదే. ప్రాణానికి మనం యజమానులం కాము, కాపరులం మాత్రమే. ఐదవ ఆజ్ఞ ఇతరుల ప్రాణానికే కాదు, మన ప్రాణానికీ వర్తిస్తుంది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, వేగం మీద మోజుతో రోడ్డుమీద గాని, సముద్రంలో గాని, ఆకాశంలో గాని తనకూ పరులకూ అపాయం తెచ్చేవాడు గొప్ప దోషం కట్టుకుంటాడని హెచ్చరించింది. అన్నిటికీ మించి క్రీస్తు ప్రభువు ఆదర్శం ఉంది. దేవాలయ శిఖరం మీదినుంచి దూకమని, దేవదూతలు పట్టుకుంటారని సాతాను ప్రేరేపించినప్పుడు ప్రభువు దూకలేదు. అది విశ్వాసం కాదని, దేవుణ్ణి శోధించడమని ఆయన తేల్చి చెప్పాడు.

తప్పు లేదనేవారి వాదనా వినదగినదే. ఆట కూడా దేవుడిచ్చిన మేలే. మనసుకు విశ్రాంతి అవసరమని, ఆటపాటలకు సంబంధించిన ఒక సుగుణమే ఉందని పునీత తోమాసు అక్వీనాసు తన మహాగ్రంథంలో బోధించాడు. సముద్రంలో ఆడుకోవడానికే దేవుడు మహా మకరాన్ని సృష్టించాడన్న భావం కీర్తనల్లోనే ఉంది. కెప్టెన్ కుక్ మూడవ సముద్రయాత్ర వృత్తాంతంలో తాహితి ప్రస్తావన ఒకటుంది. 1777లో అక్కడ ఒక స్థానికుడు చిన్న దోనెలో కెరటాల మీద జారుతూ పోవడాన్ని ఆ యాత్రికులు చూశారు. ఒడ్డున కొత్త ఓడలు, డేరాలు చూడడానికి జనం విరగబడుతున్నా ఆ మనిషి వాటివైపు కన్నెత్తి చూడలేదట. అంతటి పరమానందంలో అతడు మునిగి ఉన్నాడని రాసిపెట్టారు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. తలాంతుల ఉపమానంలో యజమాని మందలించింది డబ్బు పోగొట్టినవాణ్ణి కాదు, భయపడి దాన్ని భూమిలో పాతిపెట్టినవాణ్ణి. భయపడినంత మాత్రాన ఎవరూ పుణ్యాత్ములు కారు.

ఈ రెండు వాదనలకూ తీర్పు ఎక్కడ? అరిస్టాటిల్ మహాశయుడు క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే ధైర్యాన్ని పిరికితనానికీ, తెగింపుకూ నడుమ నిలిపాడు. తోమాసు అక్వీనాసు ఆ మాటను స్వీకరించి రెండు విషయాలు చేర్చాడు. మొదటిది: ధైర్యంలో ముఖ్యమైనది మీదపడడం కాదు, చలించకుండా నిలిచి ఓర్చుకోవడం. రెండవది మనల్ని ఆశ్చర్యపరుస్తుంది: ఏ భయమూ లేకపోవడం కూడా దోషమే. ఎందుకంటే మనిషి తాను ప్రేమించేదాన్ని పోగొట్టుకుంటానని భయపడతాడు. ప్రాణాన్ని తగినంతగా ప్రేమించనివాడికి దాని భయం ఉండదు. గర్వం వల్ల గాని, మందబుద్ధి వల్ల గాని కూడా భయం పోవచ్చు. కనుక 'నాకు భయం లేదు' అన్న మాట గొప్పలు చెప్పుకోదగినది కాదు. మనస్సాక్షిని పరిశోధించుకోవలసిన మాట.

ఈ వెలుగులో మళ్ళీ ఆ పగడపు దిబ్బ దగ్గరకు వెళ్దాం. అక్కడ ఒకే నీటిలో ముగ్గురు మనుషులు ఉన్నారనుకోండి.

మొదటివాడు ఏళ్ళ తరబడి ఆ కెరటాన్ని చదివినవాడు. చిన్న కెరటాలతో మొదలుపెట్టి, దిబ్బ ఎక్కడ ఎత్తుగా ఉందో, నీరు ఎటు లాగుతుందో నేర్చుకున్నవాడు. ఇతడు నీటిలో గడిపే కాలంలో ఎక్కువభాగం పలకమీద కూర్చుని ఎదురు చూడడమే. పది కెరటాలు వస్తే తొమ్మిదింటిని వదిలివేస్తాడు. 2024 ఒలింపిక్ పురుషుల ఫైనల్లో ఆస్ట్రేలియాకు చెందిన జాక్ రాబిన్సన్‌కు చెప్పుకోదగ్గ రెండో కెరటమే దొరకలేదు. ఎంతటి నేర్పరి అయినా సముద్రాన్ని ఆజ్ఞాపించలేడు. ఇచ్చినదాన్ని అందుకోగలడంతే. ఇలాంటి మనిషి ఆనందాన్ని పాపమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

రెండవవాడు కెమెరాల కోసం వచ్చినవాడు. స్నేహితులు చూస్తున్నారని, వెనుదిరిగితే నవ్వుతారని తన శక్తికి మించిన కెరటం ఎక్కుతాడు. బయటినుంచి చూస్తే ఇతడికీ మొదటివాడికీ తేడా కనబడదు. తేడా అంతా లోపల ఉంది. మొదటివాడు వద్దనుకుంటే ఆగగలడు. ఇతడు ఆగలేడు. ఆగలేనివాడు ధైర్యవంతుడు కాడు. పరుల మెప్పుకు బానిస.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేర్పు ఉన్నంత మాత్రాన రక్షణ లేదు. తెయాహుపోలో మహా కెరటాలను జయించిన తాహితి వీరుడు మాలిక్ జోయూ 2005 డిసెంబరు 2న హవాయి దీవుల్లోని పైప్‌లైన్ అనే చోట చనిపోయాడు. అతడి వయసు 25 ఏళ్ళు. అందుచేత 'నాకు వచ్చు' అన్న ఒక్కమాట సరిపోదు. ఇంకొక ప్రశ్న అడగాలి: నేను పడితే ఆ మూల్యం చెల్లించేది ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాడే మూడవవాడు. దిబ్బ పక్కన లోతైన కాలువలో, నీటిమీద నడిచే మోటారు బండి ఎక్కి కాచుకుని కూర్చుంటాడు. ఎవరైనా పడితే, తరువాతి కెరటం విరిగేలోగా అదే నీటిలోకి, అదే రాతి దగ్గరకు దూసుకుపోయి అతణ్ణి లాక్కురావాలి. ఇతడికి పతకం లేదు. పత్రికల్లో ఇతడి బొమ్మ పడదు. ప్రమాదం అదే, నీరు అదే. కాని ఇతడు వెళ్ళేది మరొక మనిషి కోసం. తోమాసు అక్వీనాసు చెప్పిన ధైర్యం ఇక్కడ సంపూర్ణంగా కనబడుతుంది. 2011 ఆగస్టు 27న సముద్రం భీకరంగా పొంగినప్పుడు అధికారులు ప్రమాద హెచ్చరిక జారీచేశారు. పోటీ ఆ రోజు జరపలేదు. అయినా కొందరు సర్ఫర్లు వెళ్ళారు. ఆనాటి కెరటాల గురించి నేటికీ కథలుగా చెప్పుకుంటారు. వారు పడితే కాపాడడానికి వెళ్ళవలసినవారి ఇంట్లో కూడా భార్యాబిడ్డలు ఉంటారన్న సంగతి మాత్రం ఆ కథల్లో అంతగా వినబడదు.

ఆ మూల్యం ఒక్కోసారి ఊరంతటి మీదా పడుతుంది. ఒలింపిక్స్ కోసం దిబ్బమీద అల్యూమినియంతో కొత్త గోపురం కట్టబోతే, పగడం దెబ్బతింటుందని, చేపలకు చేటని 2023లో తెయాహుపో ప్రజలు నిరసన తెలిపారు. ఆ డిసెంబరులో పనికోసం తెచ్చిన పడవ పగడాన్ని విరగగొట్టనే కొట్టింది. చివరకు గోపురాన్ని చిన్నది చేసి కట్టారు. ఎవరో ఆడే ఆటకు ఇంకెవరో మూల్యం చెల్లించడమంటే ఇదే.

కాబట్టి నా జవాబు ఇది. ప్రమాదం పెద్దదైనంత మాత్రాన ధైర్యం పెద్దది కాదు. మనిషి దేన్ని ప్రేమించి ఆ ప్రమాదంలోకి వెళ్తున్నాడో దాన్నిబట్టే అది ధైర్యమో తెగింపో తేలుతుంది. ప్రాణాన్ని ప్రేమిస్తూ, తన హద్దు ఎరిగి, పరులమీద భారం వేయకుండా ఆడుకునేవాణ్ణి దేవుడు సంతోషంగానే చూస్తాడు. ప్రాణాన్ని చులకన చేసి ఆడేవాడు ఎంత గొప్పగా ఆడినా వరాన్నిచ్చిన దాతను అవమానించినట్లే.

ఈ మాట మన ఇళ్ళకు దూరమైనదేమీ కాదు. మన తీరప్రాంతపు మత్స్యకార సోదరులు తెల్లవారకముందే తెప్పలతో, పడవలతో విరిగే కెరటాలను దాటి వేటకు వెళ్తారు. వారిది ఆట కాదు, పిల్లల కూడు. అంతటి అనుభవం ఉన్నవారు కూడా రేవులో ప్రమాద సూచిక ఎగరవేసిన రోజున వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంటారు. వారిని పిరికివారని ఎవరైనా అంటారా? మరి మన యువకులు జాతీయ రహదారిమీద ముగ్గురేసి ఒకే బండి ఎక్కి, తలకు రక్షణ లేకుండా పందేలు వేసుకుంటుంటే, రైలు పట్టాలమీద నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, దాన్ని మగతనమని ఎందుకు మురిసిపోతున్నాం? శవపేటిక పక్కన కూర్చున్న తల్లికి ఆ మగతనం ఏ ఓదార్పూ ఇవ్వదు. అలాంటి పేటికల ముందు నిలబడి ప్రార్థన చెప్పవలసివచ్చిన గురువుగా ఈ మాట రాస్తున్నాను.

అయితే యువకులకు 'వద్దు' అని చెప్పి ఊరుకుంటే చాలదు. వారిలో ధైర్యం కోసం ఆకలి ఉంది. ఆ ఆకలి దేవుడు పెట్టినదే. దానికి సరైన అన్నం పెట్టడం పెద్దల బాధ్యత. వరదలు వచ్చినప్పుడు పడవ ఎక్కే పని, ప్రమాదంలో పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చే పని, రక్తదానం, అన్యాయం జరిగిన చోట సాక్ష్యం చెప్పే పని, ఇవన్నీ మన విచారణల్లో ఎదురుచూస్తూనే ఉన్నాయి. వాటిని వారి చేతికి ఇచ్చామా? లేక గుడి అంటే చేతులు కట్టుకుని కూర్చునే చోటు అని మాత్రమే నేర్పామా?

ఇక జాగ్రత్తపరులైన పెద్దలకు కూడా ఒక మాట. మనం కెరటాలెక్కము, పందేలు కాయము. నిజమే. కాని పొరుగువాడికి అన్యాయం జరిగినప్పుడు 'మనకెందుకులే' అని తలుపు వేసుకున్న రోజులు ఎన్ని? అంటురోగమని బంధువు గడప తొక్కని రోజులు ఎన్ని? ప్రాణం దాచుకోవడం వేరు, ప్రాణాన్ని గౌరవించడం వేరు. ప్రభువు దేవాలయ శిఖరం నుంచి దూకడానికి నిరాకరించాడు. అదే ప్రభువు కల్వరి కొండ ఎక్కడానికి నిరాకరించలేదు. మొదటిదానివల్ల ఎవరికీ మేలు లేదు. రెండవదానిలో మనందరి మేలూ ఉంది. ఈ వారం ఆత్మపరిశోధన చేసుకునేటప్పుడు ఆ రెండు ఎత్తులనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీ ముందు ఇప్పుడున్నది ఏ ఎత్తో ప్రార్థనలో ప్రభువును అడగండి.