పెత్తనమును ప్రేమయు

చదువవలసిన భాగము: ఆదికాండము 29, 30, 31 అధ్యాయములు



"నీ మేలుకొరకే చెప్పుచున్నాను" అను మాట మన యిండ్లలో దినమునకు ఎన్నిమార్లు వినబడునో లెక్క లేదు. కొడుకు ఏ చదువు చదువవలెనో, కోడలు పుట్టింటికి ఎన్నడు వెళ్లవలెనో, తమ్ముడు చేనిలో ఏ పైరు వేయవలెనో నిర్ణయించువారు ఈ మాటతోనే మొదలుపెట్టుదురు. చాలమారులు అది నిజమే. గాని కొన్ని యిండ్లలో ఆ మాటచాటున మరియొకటి దాగియుండును. దానికి మన పల్లెలలో పెత్తనమని పేరు. ప్రేమ యెక్కడ ముగియునో, పెత్తనము ఎక్కడ మొదలగునో గుర్తించుట ఎట్లు? లాబాను యిల్లు చూచి నేర్చుకొందము.

లాబాను మొదట దుష్టునివలె కనబడడు. అన్నకు భయపడి వచ్చిన మేనల్లునికి ఎదురుగా పరుగెత్తి, కౌగలించుకొని, యింటికి తోడుకొనిపోయెను. ఊరక కొలువు చేయనేల, జీతమేమి కావలెనని తానే అడిగెను. అయితే రాహేలు కొరకు యాకోబు ఏడు సంవత్సరములు కష్టపడిన తరువాత లేయాను అప్పగించి, పెద్దది ఉండగా చిన్నదాని నిచ్చుట మా ఆచారము కాదనెను. ఆ ఆచారము ఏడు సంవత్సరములు ఎందుకు జ్ఞాపకము రాలేదు? పెత్తనము చేయువాడు ఆచారమును పెట్టెలో దాచియుంచి, తనకు అక్కరయైన దినముననే బయటికి తీయును. అటుతరువాత మరి యేడు సంవత్సరములు, మందల నిమిత్తము ఆరు సంవత్సరములు, మొత్తము 20 సంవత్సరములు గడచెను. ఆ కాలములో తన జీతము పదిమార్లు మారెనని యాకోబు చెప్పుకొనెను.

ఇంత గట్టిగా పట్టినవానికి చివరకు ఏమి మిగిలెను? అతడు గొఱ్ఱెల బొచ్చు కత్తిరించుటకు వెళ్లియుండగా కూతుళ్లు, మనుమలు, మందలు అందరును నది దాటిపోయిరి. మూడవ దినమున గాని అతనికి సంగతి తెలియలేదు. ప్రతి గొఱ్ఱెకు లెక్క అడిగినవానికి కన్నకూతుళ్ల మనస్సు తెలియలేదు. తండ్రి తమ్మును పరాయివారిగా చూచి, తమ్మును అమ్మి ఆ సొమ్ము తినివేసెనని వారు పొలములో భర్తతో చెప్పుకొనిరి. తండ్రితో ఒక్క మాటయు అనలేదు. రాహేలు అతని గృహదేవతలను దొంగిలించి, ఒంటె సామగ్రిలో దాచి, దానిపై కూర్చుండెను.

పెత్తనముయొక్క మొదటి ఫలమిదే. దాని క్రింద నున్నవారు నిజము చెప్పుట మానుకొందురు. కుమార్తె ఫోను దినదినము తీసి చూచు తండ్రి యింట, ఆ పిల్ల స్నేహితురాలి ఫోనులో మాటలాడుట నేర్చుకొనును. భార్య జీతము పడు బ్యాంకు కార్డు తన జేబులో ఉంచుకొను భర్త యింట, ఆమె పోపులడబ్బాలో నాలుగు రూపాయలు దాచుకొనును. గుడి తాళపుచెవియు చందా పుస్తకమును తనయొద్దనే ఉంచుకొను సంఘపు పెద్దకు, కూటములో అందరును తల ఊపుదురు. వీధిలోనికి వచ్చినపిదప వేరుగా మాటలాడుదురు. అంతయు తన చేతిలో నున్నదని తలంచువాడే అందరికంటె తక్కువ తెలిసినవాడు.

అయితే బిడ్డలను అదుపులో పెట్టవద్దా అని తల్లిదండ్రులు అడుగుదురు. పెట్టవలెను. పసివానిని చేయి పట్టుకొనకుండ రోడ్డు దాటించువారెవరు? గాని ప్రేమతో పట్టిన చేయి, బిడ్డ ఎదిగినకొద్దీ పట్టు సడలించును. పెత్తనముతో పట్టిన చేయి, బిడ్డ ఎదిగినకొద్దీ బిగియును. మరియొక గురుతు కూడ కలదు. మన యింటిలోనివారు మన ముఖము చూచి భయము లేక "వద్దు" అనగలరా? అనగలిగినయెడల అక్కడ ప్రేమ ఊపిరి పీల్చుచున్నది.

పెత్తనమునకు వేరు చాలమారులు భయమే. యాకోబు వచ్చినందుచేతనే తనకు కలిమి కలిగెనని లాబాను ఎరుగును. అతడు పోయినయెడల కలిమి పోవునని బెదరెను. చిన్నతనమున విధవయై, ఒక్క కొడుకును కూలిచేసి పెంచిన తల్లి, కోడలిమీద కఠినముగా నుండుటకు కారణమేమి? వాడు కూడ చేజారునేమో అను దిగులే. అట్టివారిని నిందించుటకంటె ఆ దిగులును గూర్చి వారితో మెల్లగా మాటలాడుట మేలు.

లాబాను ఏడు దినములు తరిమి గిలాదు కొండయొద్ద వారిని కలిసికొనెను. అక్కడ యాకోబు 20 సంవత్సరములనుండి మింగుకొనిన మాటలన్నియు ఎదుటనే చెప్పెను. పగటి యెండ, రాత్రి మంచు, లేని నిద్ర, మృగములు చీల్చిన గొఱ్ఱెకు తానే పెట్టుకొనిన నష్టము, అన్నియు చెప్పెను. పిమ్మట ఉభయులును రాళ్లు కుప్పవేసి, కీడు చేయుటకు నీవు దీని దాటకూడదు, నేను దాటకూడదు అని ఒడంబడిక చేసికొనిరి. మన రైతులకు ఈ సంగతి తెలియును. గట్టు లేని చేల మధ్య ఏటేట తగవే. గట్టు నిలిచినచోట తూము తెరచి ఒకరికొకరు నీళ్లు ఇచ్చుకొందురు. కూతుళ్లను, మనుమలను ముద్దుపెట్టుకొననియ్యలేదని మొరపెట్టుచు వచ్చిన లాబాను, హద్దు ఏర్పడిన మరునాటి ఉదయముననే వారిని ముద్దుపెట్టుకొని, దీవించి, తన చోటికి మరలిపోయెను. హద్దు బంధుత్వమును తెంపలేదు, నిలిపెను.

ఒక హెచ్చరిక. దెబ్బలు, బెదరింపులు ఉన్నచోట ఓర్చుకొనుమని మాత్రము సలహా చెప్పరాదు. 2005లో చేయబడిన గృహహింస చట్టము, స్త్రీకి హక్కుగా రావలసిన సొమ్మును ఆమెకు దక్కనియ్యకపోవుటను కూడ హింసగానే ఎంచుచున్నది. అట్టి సహోదరి 181 నంబరుకు ఫోను చేయవచ్చును. ఆమెకు తోడుగా నిలుచుట సంఘమువారి ధర్మము.

ఈ మాసములో ప్రతి యింటి పెద్దయు ఒక్క పని చేసి చూడవలెను. ఇంతవరకు తానొక్కడే నిర్ణయించిన సంగతిని ఒకదానిని, అది ఎవరికి చెందినదో వారికే అప్పగించి, వారు తనవలె చేయకపోయినను ఊరకుండవలెను. మొదటి వారము కష్టముగానే యుండును. ఆ పిమ్మట ఒకనాటి సాయంకాలము, అడుగకుండగనే ఎవరో వచ్చి ప్రక్కన కూర్చుండి తమ మనస్సులోని మాట చెప్పుదురు.