నవలలో కాలపరిమాణం: ఒక నైతిక ప్రశ్న

నవలలో కాలాన్ని సాధారణంగా శిల్పాంశంగానే పరిగణిస్తాం. కథ ఎంతకాలం నడిచింది, ఎన్నిసార్లు గతంలోకి మళ్లింది అన్నవి మన పరిశీలనాంశాలు. అయితే ఒక మనిషి బతుకును ఎంత కాలంలో చూపాలన్న రచయిత నిర్ణయంలో, ఆ మనిషిని ఎలా అర్థం చేసుకోవాలన్న నిర్ణయం కూడా ఇమిడి ఉంటుంది. నవీన్ రాసిన రెండు నవలలను పక్కపక్కన ఉంచి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

1969లో వెలువడిన ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు కథ. చైతన్యస్రవంతి పద్ధతిలో సాగిన ఈ నవలలో గడియారపు కాలం ముందుకే నడుస్తుంది. మనసులోని కాలం మాత్రం గతంలోకీ, రేపటి భయాల్లోకీ పోతూ వస్తూ ఉంటుంది. శీర్షిక సైతం కాలానికి సంబంధించినదే. అంపశయ్యపై భీష్ముడు ఉత్తరాయణం కోసం వేచి ఉన్నాడు. మరణకాలాన్ని ఎంచుకొనే వరం ఆయనకు ఉంది. రవికి బాణాలున్నాయి గాని, ఆ వరం లేదు. నిరీక్షించదగిన పుణ్యకాలమూ లేదు.

జీవితం మొత్తం తెలిస్తే మనిషిని ఫలితాన్ని బట్టి కొలుస్తాం: గెలిచాడా, ఓడాడా, చెడిపోయాడా అని. ఫలితం తేలని ఒక్క రోజులో ఆ కొలమానం పనికిరాదు. రవి బలహీనతలపై తీర్పు చెప్పడానికి పాఠకునికి ఆధారం చాలదు. అతనితో పాటు ఆ రోజంతా గడపడమొక్కటే సాధ్యం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. పేదరికం ఆ ఉదయం మొదలైనది కాదు. ఒక్క రోజు బాధను చూపగలదు గాని, దాని పుట్టుకను పూర్తిగా చూపలేదు. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘కాలరేఖలు’లో అదే రచయిత తెలంగాణ చరిత్రనే కాలప్రమాణంగా స్వీకరించాడు. నిజాం పాలన చివరి సంవత్సరాల నేపథ్యంలో వ్యక్తి అనుభవానికి కారణాలు కనిపిస్తాయి. అయితే ఈ విస్తృతిలో వేరొక ప్రమాదం ఉంది: వ్యక్తి తన యుగానికి ఉదాహరణగా మాత్రమే మిగిలిపోవచ్చు.

బాధకు కారణం తెలుసుకోవడం వేరు, బాధపడే మనిషి పక్కన నిలవడం వేరు. న్యాయబుద్ధికి రెండూ అవసరమే. మొదటి నవలను మనోవైజ్ఞానికమనీ, రెండవదానిని చారిత్రకమనీ విభజించి ఊరుకుంటే ఈ బాధ్యతలో సగాన్ని వదిలివేసినట్లే. ఒక్క రోజు నవలలో దాని వెనుక నిలిచిన దశాబ్దాలను, దశాబ్దాల నవలలో ఒక మనిషికి గడవని ఒక రోజును పరిశోధకుడు వెతకాలి.