రోజుకు కోసెడు

పొద్దున స్నానం చేసి, చీర మార్చుకుని, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జరిగి, దేవుడి గూటి ముందుకు చేరేసరికి నాకు గంటన్నర పడుతుంది. వత్తి వెలిగించడానికి ఇంకాస్త. ఆ పాటికి మలేషియాలోని మా ఊరు హుటాన్ మెలింటాంగ్ అంతా లేచి సగం పని ముగించేసి ఉంటుంది. బెర్నామ్ ఏటి మీంచి పడవలు జెట్టీకి చేరి ఉంటాయి, బడిపిల్లలు వెళ్ళిపోయి ఉంటారు. చాలా ఏళ్ళు నా పూజ "ఇవాళ కూడా ఆలస్యమైంది, క్షమించు స్వామీ" అన్న మాటతోనే మొదలయ్యేది. "ఏటమ్మా ఆ ఏడుపు, పూజే కదా చేత్తన్నావు" అనేది అమ్మ.

ఆ మాట ఈ మధ్యే మానేశాను. మాన్పించినవాడు కూర్మదాసు.

ఆయనది పైఠాన్. మన శాతవాహనులు ఏలిన ప్రతిష్ఠానపురమే అది. కాళ్ళూ చేతులూ లేకుండా పుట్టాడని భక్తుల కథలు చెప్తాయి. కార్తిక ఏకాదశికి పండరిపురం వెళ్ళి విఠలుణ్ణి చూడాలని కోరిక పుట్టింది. పాకుతూ బయల్దేరాడు. రోజుకు ఒక్క కోసు, అంటే సుమారు రెండు మైళ్ళు. కథ విన్నవాళ్ళు ఆ పాకడం తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు. నేను మాత్రం ఆ లెక్క దగ్గర ఆగిపోతాను. అంత భక్తి పొంగినవాడు కూడా తన ఒంటిని కొలుచుకున్నాడు. ఎంత ఓపుతుందో తెలుసుకుని, పండగకు నాలుగు నెలలుండగానే ఇల్లు వదిలాడు. రేపటి ఓపికను ఇవాళ ఖర్చు పెట్టలేదు.

నాకూ ఒక కోసుంది. రోజుకు ఒకే బయటి పని. ఆసుపత్రికి వెళ్ళిన రోజు బ్యాంకుకు వెళ్ళను. వారానికి సరిపడా మాత్రలు ఆదివారం రాత్రే గళ్ళ డబ్బాలో సర్దుకుంటాను. ఓకేయూ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), సంక్షేమ శాఖ ఉత్తరాలు, నింపాల్సిన బోరాంగులు (ఫారాలు) అన్నీ కుర్చీ వెనక వేలాడే ఒకే సంచిలో ఉంటాయి, ఎందుకంటే మరిచిపోయిన ఒక్క కాగితం కోసం ఇంటికి తిరిగొస్తే నా రోజు అక్కడితో అయిపోతుంది. ఈ పద్ధతినంతా సోమరితనమని నా మీద నేనే నేరం మోపుకునేదాన్ని.

ఆ నేరం ఎక్కడిదా అని ఆలోచిస్తే తాత గుర్తొస్తాడు. విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి కొబ్బరి తోటలో చేరినవాడు. తెల్లారకముందే కూలీలను వరసగా నిలబెట్టి పేర్లు పిలిచేవారు. సాయంత్రం కాయలు లెక్కపెట్టేవారు. లెక్క తగ్గితే కూలి తగ్గేది. తోటలు వదిలి ఎంతకాలమైనా ఆ లెక్క మా ఇళ్ళ మాటల్లోంచి పోలేదు. మనిషిని మెచ్చుకోవాలంటే పనిమంతుడంటాం, పనిమంతురాలంటాం. నిదానంగా చేసేవాళ్ళకు ఇవ్వడానికి మా దగ్గర మంచి మాటే లేదు. దేవుడి చేతిలో కూడా ఆ తోట కెరాని, అంటే గుమాస్తా, పుస్తకమే ఉంటుందని నేను నమ్మేశాను.

ఈ ఏడాది కంప్యూటర్‌లో జమాఖర్చులు రాయడం నేర్పే ఆరు రోజుల తరగతికి పేరిచ్చాను. తెలుక్ ఇంటాన్‌లో. కుర్చీతో రావచ్చా అని ముందే ఫోన్లో మూడుసార్లు అడిగాను. "బోలే, బోలే", రావచ్చు అన్నారు. తీరా వెళ్తే వాకిట్లో రెండు మెట్లు, తరగతేమో మేడ మీద, లిఫ్టు లేదు. "మేం మోసుకెళ్తాం అక్కా" అని ఇద్దరు కుర్రాళ్ళు ముందుకొచ్చారు. వాళ్ళు నిజంగా మంచి పిల్లలు. కానీ ఆరు రోజులు, మరుగుదొడ్డికి దిగాలన్న ప్రతిసారీ, మరొకరి చేతుల్లో వేలాడుతూ నేర్చుకునే చదువు నాకు వద్దనిపించింది. పాఠాలు పంపిస్తామన్నారు. మసకబారిన ఫొటోలు వచ్చాయి.

ఈ దేశంలో వికలాంగుల చట్టం 2008లోనే వచ్చింది, 685వ చట్టం. భవనంలోకి దారి, చదువు, ఉద్యోగం మా హక్కులని అది చెప్తుంది. ఇవ్వకపోతే శిక్ష ఏమిటో మాత్రం చెప్పదు. 2010లో ఐక్యరాజ్య సమితి ఒడంబడికకూ మలేషియా ఒప్పుకుంది. వాలుదారి లెక్క కూడా కష్టమైందేం కాదు: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. ఇన్నీ ఉండగా, ఆ రోజు టాక్సీలో తిరిగొస్తూ నేను తిట్టుకున్నది నా కాళ్ళనే. అందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

కూర్మదాసు లహుల్ అనే ఊరు చేరేసరికి ఏకాదశి మర్నాడే. పండరిపురం ఇంకా ఏడు కోసులు. ఎంత ఒళ్ళు దాచుకోకుండా పాకినా ఆ లెక్క తేలదు. అప్పుడాయన తన ఒంటిని తిట్టుకోలేదు. దారిన పోయే యాత్రికులను ఆపి కబురు పంపాడు: నేను రాలేను, నువ్వే రావాలి అని. విఠలుడు గుడి వదిలి లహుల్‌కు నడిచొచ్చాడు. మరో వారం ముందు బయల్దేరకపోయావా అని అడగలేదు. ఆయన వచ్చిన చోట ఇప్పటికీ కూర్మదాసు గుడి ఉంది.

దీన్ని ఓర్పు గురించిన కథగా చెప్తుంటారు. నాకు అందులో ఆ కబురే పెద్దదిగా కనిపిస్తుంది. చేతనైనంత దూరం పాకినవాడు, మిగిలిన దూరం ఎదుటివాడు నడవాలని నోరు తెరిచి అడిగాడు. అలా అడగడం దేవుడికి తప్పుగా తోచలేదు. మరి ఒక గదిని కింది అంతస్తుకు మార్చమని అడగడానికి నేనెందుకు ఇంత సిగ్గుపడ్డాను?

పాండురంగా, తరగతి నడిపేవాళ్ళకు మలయ్‌లో ఉత్తరం రాస్తున్నాను. కోపం లేకుండా రాయాలని రెండుసార్లు చించేశాను. ఆ మేడ కింద ఒక గది ఖాళీగా ఉండడం నా కళ్ళతో చూశాను. దాని తాళం ఎవరి దగ్గరుందో నాకు తెలియదు, నీకు తెలుసు. వాళ్ళ మనసులో ఒక్కసారి మెదులు. ఆ రెండు మెట్ల మీద వాలుగా పలక వేయించమని కూడా రాశాను. కుర్చీలో వచ్చేవాళ్ళలో నేనొక్కదాన్నే కాదని రాయాలి. పాఠాలు ఫొటోలుగా కాక అక్షరాలుగా పంపాలని, చూపు లేనివాళ్ళకు ఫోన్ సరిగ్గా చదివి వినిపించేది అక్షరాలనేనని కూడా రాయాలి. చెయ్యి నొప్పెడుతోంది. సగం అయింది. మిగతా సగం రేపు రాస్తాను.